గైడ్ ఎంపిక: 140 పేపర్ల సారా, 26 పేపర్ల మేడమా? (ఇమ్యునాలజీ పీహెచ్‌డీ)

నాగావళి_గట్టు:
అందరికీ నమస్తే. మాది శ్రీకాకుళం. ఎమ్మెస్సీ బయోటెక్ అయింది, జేఆర్‌ఎఫ్ (రీసెర్చి ఫెలోషిప్) కూడా వచ్చేసింది, ఇప్పుడు ఇమ్యునాలజీలో పీహెచ్‌డీకి ఇద్దరు గైడ్లు తీసుకుంటామన్నారు. పేర్లు, యూనివర్సిటీలు ఇక్కడ రాయను, దయచేసి అడగొద్దు. ఒక సారుకి గూగుల్ స్కాలర్‌లో 140 పేపర్లు, హెచ్ ఇండెక్స్ 31. ఇంకో మేడంకి 26 పేపర్లే, హెచ్ ఇండెక్స్ 12. ఆవిడ పనంతా బోదకాలు మీద, అంటే ఫైలేరియా పురుగు ఒంట్లో ఏళ్ల తరబడి కాపురం పెడితే మన ఇమ్యూన్ సిస్టమ్ ఎందుకు ఊరుకుంటుంది అన్నదాని మీద. నాకు మేడం టాపిక్ నచ్చింది కానీ నాన్న, మావయ్య ఇద్దరూ ఆ 140 చూసి అదే పట్టుకు కూర్చున్నారు. పబ్లికేషన్ రికార్డు చూసి మనిషి పని ఏపాటిదో ఎలా తేల్చుకోవాలి? తెలిసినవాళ్లు కొంచెం వివరంగా చెప్పండి, ఈ వారంలో వాళ్లకి ఏదో ఒకటి చెప్పాలి.

ఆముదాలవలస_జంక్షన్:
ఇందులో అంత ఆలోచించడానికేటుంది? 31 పెద్దదా 12 పెద్దదా? సారు దగ్గర చేరితే నీ పేరు మీద కూడా చకచకా పేపర్లు పడతాయి, రేపు ఇంటర్వ్యూలో కూర్చున్నవాడు నీ టాపిక్ అడగడు, లిస్టు ఎంత పొడుగుందో చూస్తాడు. మీ నాన్న కరెక్టే చెప్పారు.

బొబ్బిలి_మేష్టారు:
అమ్మా, ముందు ఆ 31 అంటే ఏమిటో చూద్దాం. హెచ్ ఇండెక్స్ అనేది 2005లో హిర్ష్ అని కాలిఫోర్నియాలో ఒక ఫిజిక్స్ ప్రొఫెసర్ పెట్టిన లెక్క. ఒకాయనకి అయిదు పేపర్లున్నాయి, వాటికి వచ్చిన సైటేషన్లు, అంటే వేరే పేపర్లు వాటిని ఎన్నిసార్లు ప్రస్తావించాయో ఆ లెక్క, వరసగా 40, 12, 6, 4, 1 అనుకో. నాలుగు పేపర్లకి తలా నాలుగైనా వచ్చాయి కాబట్టి ఆయన హెచ్ 4. ఇప్పుడు మొదటి పేపరుకి 40 బదులు 40 వేలు వచ్చినా హెచ్ 4 దగ్గరే ఉంటుంది, కదలదు. పైగా వయసుతో పాటు పెరగడమే తప్ప తగ్గడం ఉండదు దానికి, మనిషి రిటైరై పడక్కుర్చీలో ఉన్నా పెరుగుతుంది. అందుకని 55 ఏళ్లాయన్నీ 40 ఏళ్లావిణ్ణీ ఈ ఒక్క నంబరుతో పక్కపక్కన నిలబెట్టడం కుదరదు. సారు ఎన్నేళ్ల నుంచి రాస్తున్నారో, మేడం ఎప్పుడు మొదలెట్టారో చూశావా?

నాగావళి_గట్టు:
మేష్టారూ, సారు మొదటి పేపరు 1996, మేడంది 2011.

బొబ్బిలి_మేష్టారు:
మరి పదిహేనేళ్ల తేడా ఉంది కదమ్మా.

రాజాం_పోస్ట్‌డాక్:
నేను ఇమ్యునాలజీలోనే ఉన్నాను, ఇప్పుడు బయట దేశంలో పోస్ట్‌డాక్, కాబట్టి కాస్త పెద్దగా రాస్తాను ఓపిగ్గా చదువు. ప్రొఫైల్ తెరవగానే పైన ఉన్న అంకెలు చూడకు, కిందకి రా. మన సబ్జెక్టులో పేర్ల వరసకి అర్థం ఉంది, మొదటి పేరు బెంచి మీద పనిచేసినవాళ్లది, చివరి పేరు ల్యాబ్ నడిపినవాళ్లది, మధ్యలో ఉన్నవాళ్లు శాంపిల్ ఇచ్చి ఉండొచ్చు, మెషీన్ వాడుకోనిచ్చి ఉండొచ్చు, ఒక్కోసారి ఊరికే కూడా ఉండొచ్చు. కోవిడ్ టైములో వందమంది పేర్లతో వచ్చిన పేపర్లలో మధ్యలో ఉన్నవాళ్లకి కూడా రాత్రికి రాత్రి వేలల్లో సైటేషన్లు వచ్చిపడ్డాయి. అందుకని 140లో సారు చివరి పేరుగా ఉన్నవి ఎన్ని, అందులో సొంత డేటా ఉన్నవి ఎన్ని, రివ్యూ ఆర్టికల్స్ ఎన్ని అని వేరు చెయ్యి. రివ్యూ అంటే వేరేవాళ్ల పని చదివి రాసేది, తప్పేం కాదు, మంచి రివ్యూ రాయడం కష్టమే, కానీ ఇంట్రడక్షన్‌లో మొదటి వాక్యానికి ఏదో ఒక రివ్యూని సైట్ చెయ్యడం అందరికీ అలవాటు కాబట్టి వాటికి సైటేషన్లు ఊరికే వచ్చేస్తుంటాయి.

ఇంకోటి, మన తెలుగువాళ్ల పేర్లతో గూగుల్ స్కాలర్‌కి పిచ్చెక్కుతుంది. ఇంటిపేరు ఒక అక్షరం, చివర రావు. కె. ఎస్. రావు అని కొడితే సివిల్ ఇంజనీరు, కంటి డాక్టరు, ఇమ్యునాలజిస్టు అందరూ ఒకే ప్రొఫైల్లో పడి ఉంటారు, చాలామంది తీయరు కూడా, అంకె పెరుగుతోంది కదా అని. 2012 నుంచి ఆర్కిడ్ ఐడీ ఉంది, ఒక్కో రచయితకి విడిగా ఇచ్చే నంబరు, సారుకి అది ఉందేమో చూసి దాంతో పోల్చు. కాంక్రీటు మీదో చెరకు మీదో పేపరు కనిపిస్తే అది ఆయనది కాదని నీకే తెలుస్తుంది.

ఆముదాలవలస_జంక్షన్:
ఇదంతా బానే ఉంది గానీ అన్నా, అంకె చూడొద్దంటే మరింకేటి చూస్తారు మనుషులు? గొప్ప సైంటిస్టు అయితే సైటేషన్లు వాటంతటవే వస్తాయి కదా. రాలేదంటే పనిలో పస లేదనే కదేటి?

రాజాం_పోస్ట్‌డాక్:
వస్తాయి, ఎప్పుడొస్తాయన్నదే పేచీ. మొన్న 2025 నోబెల్ గుర్తుందా, అక్టోబర్ 6న ప్రకటించారు, విజయనగరంలో తొలేళ్ల రోజు, మర్నాడు సిరిమానోత్సవం హడావుడిలో మన ఫోరంలో దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. జపాన్ షిమోన్ సకగుచి, అమెరికా మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, ముగ్గురికీ కలిపి ఇచ్చారు, రెగ్యులేటరీ టీ సెల్స్ మీద. మన శరీరాన్ని మన సెల్సే కొట్టకుండా ఆపేవి అవి.

ఇందులో కథేమిటంటే 1970ల్లో సప్రెసర్ టీ సెల్స్ అని పెద్ద ఊపు వచ్చింది, ఇమ్యూన్ రియాక్షన్‌ని అణిచే సెల్స్ ఉన్నాయని బోలెడు పేపర్లు పడ్డాయి, ఆ సెల్స్‌కి గుర్తుగా ఐ-జే అని ఒక మాలిక్యూల్ చెప్పారు. 80ల మొదట్లో డీఎన్‌ఏ చూస్తే ఆ జీన్ ఉండాల్సిన చోట అసలు లేనే లేదు. దాంతో టాపిక్ మొత్తం పరువు పోయింది, సప్రెసర్ అన్న మాట వాడితే గ్రాంటు రాని పరిస్థితి. సకగుచి మాత్రం వదల్లేదు. ఎలకపిల్ల పుట్టిన మూడోరోజు థైమస్ (టీ సెల్స్ తయారయ్యే గ్రంథి) తీసేస్తే దానికి ఆటోఇమ్యూన్ జబ్బులొస్తాయని అంతకుముందే జపాన్‌లో చూశారు, మామూలు ఎలక టీ సెల్స్ ఎక్కిస్తే జబ్బు రాదు, అంటే ఆపేవి ఏవో ఉన్నాయి అందులో. ఏవి అని పట్టుకోడానికి ఆయనకి 1995 దాకా పట్టింది, సీడీ25 అనే గుర్తు ఉన్న సీడీ4 సెల్స్ అవి, తీసేస్తే జబ్బు, మళ్లీ ఎక్కిస్తే తగ్గుదల. ఆ పేపరు వేసింది నేచర్‌లో కాదు, సెల్‌లో కాదు, జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో. మన దగ్గర కమిటీలు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్లో పేపరుకి సగటున వచ్చే సైటేషన్ల అంకె) చూసి పక్కన పెట్టే రకం జర్నల్ అది. వచ్చిన కొత్తలో నమ్మినవాళ్లు తక్కువ. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ వాళ్లు స్కర్ఫీ అనే రోగిష్టి ఎలకల్లో చెడిన జీన్ ఫాక్స్‌పీ3 అని పట్టుకున్నారు, పిల్లల్లో ఐపెక్స్ అనే జబ్బుకి కూడా అదే జీన్ కారణమని తేలింది, సకగుచి సెల్స్‌ని నడిపేది ఈ జీనే అని తేలి 2003లో ఆ రెండు దారులూ కలిసాయి. ఇక అప్పట్నుంచి సైటేషన్ల వరదే. 1995 నుంచి 2000 లోపల ఎవరైనా సకగుచి ప్రొఫైల్ చూసి గైడ్‌గా వద్దనుకుని ఉంటే అంకెల ప్రకారం వాళ్లది తప్పనలేం, అదే నేను చెప్పేది.

ఇంకా బ్రంకో అయితే అప్పుడు యూనివర్సిటీలో కూడా కాదు, ఒక బయోటెక్ కంపెనీలో ఉద్యోగం. నోబెల్ వాళ్లు ఫోన్ చేస్తే స్వీడన్ నంబరు చూసి స్పామ్ అనుకుందంట.

ఆముదాలవలస_జంక్షన్:
ఒక్క సకగుచి దొరికాడని ప్రతి 26 పేపర్ల వాళ్లూ సకగుచి అయిపోరు అన్నా. నోబెల్ రాని సకగుచిలు ఎంతమందో ఎవరు లెక్కెట్టారు?

గజపతినగరం_అప్ప:
జంక్షన్ తమ్ముడు అన్నదాంట్లో న్యాయం ఉంది. నోబెల్ కథలు చెప్పి పిల్లని ఎగదోయకండి.

చీపురుపల్లి_కోళ్ళఫారం:
ఇమ్యునాలజీ అంటే నాకేటి తెలుస్తుందిలే అని ఊరుకున్నాను గానీ కోడి మాటొకటి చెప్పాలి. మా షెడ్డులో మూడు నాలుగు వారాల పిల్లలకి గంబోరో వస్తాది. చచ్చిన పిల్లని కోసి చూస్తే రెట్ట వచ్చే దారి మీద చిన్న సంచి ఉంటాది, బర్సా అంటారు, అది వాచిపోయి జిగురు పట్టి ఉంటాది, ఒక్కోసారి లోపల రక్తం కూడా. బతికిన పిల్లలకి తర్వాత కొక్కెర తెగులు టీకా వేసినా సరిగ్గా పట్టదు. ఎందుకు పట్టదని మా వెటర్నరీ డాక్టరు గారిని అడిగితే యాంటీబాడీ తయారుచేసే సెల్స్ పెరిగే చోటే ఆ సంచి, అది పోయాక టీకా ఎవడికి వేస్తావు అన్నారు. ఆ సంచి పని ఏటో కనిపెట్టింది అమెరికాలో ఒక స్టూడెంటంట, పేరు ఆయనే చెప్పారు, మరిచిపోయాను.

రాజాం_పోస్ట్‌డాక్:
బ్రూస్ గ్లిక్! అన్నా మీరు బంగారం లాంటిది పట్టుకొచ్చారు. ఒహాయో స్టేట్‌లో చదివేటప్పుడు కోడిపిల్లల బర్సా కోసేసి ఏమవుతుందో చూస్తున్నాడు, ఏం తేడా కనబడలేదు. ఛాంగ్ అని తోటి స్టూడెంటుకి క్లాసులో యాంటీబాడీ ఎలా పుడుతుందో చూపించడానికి కోళ్లు కావలసొచ్చి గ్లిక్ దగ్గర మిగిలిపోయిన కోళ్లు పట్టుకెళ్లాడు, సాల్మొనెల్లా ఎక్కిస్తే చాలా కోళ్లలో యాంటీబాడీ పుట్టలేదు. చూస్తే అవన్నీ బర్సా కోసినవి. పేపరు రాసి సైన్స్‌కి పంపితే తిప్పి పంపారు. 1956లో పౌల్ట్రీ సైన్స్ అనే జర్నల్లో వేసుకున్నారు. ఇమ్యునాలజిస్టులు కోళ్ల జర్నల్ ఎందుకు చదువుతారు, కొన్నాళ్లు ఎవరికీ తెలీదు. ఇవాళ బీ సెల్ అనే మాటలో ఉన్న బీ ఆ బర్సాదే. కోళ్లఫారం అన్నకి కళ్లముందు కనిపిస్తున్నదే ఆ పేపరు.

నెల్లిమర్ల_ల్యాబ్_టెక్:
చెల్లమ్మా నువ్వు బోదకాలు అన్నావు కాబట్టి నేను రాస్తున్నాను, మన రెండు జిల్లాల్లో దాని సంగతి నాకు బాగా తెలుసు. ఫైలేరియా నైట్ సర్వేకి వెళ్లేవాణ్ణి. ఆ మైక్రోఫైలేరియా, అంటే పురుగు పిల్లలు, పగలంతా లోపల ఊపిరితిత్తుల్లో దాక్కుని రాత్రి దోమ కుట్టే వేళకి చర్మం కింద రక్తంలోకి వస్తాది, అందుకని రాత్రి ఎనిమిదిన్నర దాటాకే మొదలెట్టాలి. జనం అన్నాలు తిని అరుగుల మీద కూర్చునే టైము, టార్చి లైటు వేసుకుని వేలు గుచ్చి గాజుపలక మీద మందంగా చుక్క పరిచి, ఆరాక నీళ్లల్లో ఎరుపు పోయేదాకా ఉంచి, రంగు వేసి చూడాలి. ఇప్పుడు పది నిమిషాల్లో తేలే స్ట్రిప్పు వచ్చింది, పగలైనా చెయ్యొచ్చు. నాకు వింత ఎక్కడంటే, పలక నిండా పురుగులున్న మనిషి నిక్షేపంగా ఉంటాడు, ఏనుగు కాలంత కాలు వాచినవాడి రక్తంలో ఒక్క పురుగు కనబడదు. ఎందుకలగ అని ఎవరిని అడిగినా అది ఇమ్యూనిటీ బాబూ అని తేల్చేసేవారు. మీ మేడం పని అదే అయితే ఆ 26 పేపర్లూ నాకు కావాలి.

బొబ్బిలి_మేష్టారు:
ఆ బోదకాలుకి ఊళ్లో పంచే డీఈసీ మాత్ర హెట్రజాన్ పేరుతో వచ్చింది మన భీమవరం ఎల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ నుంచే, లెడర్లీ కంపెనీలో, 1947లో. ఆయన పబ్లికేషన్ రికార్డు చూడండి, నవ్వాలో ఏడవాలో తెలీదు. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చూసి తేల్చే పద్ధతి రాశారు. బయోకెమిస్ట్రీలో ఎక్కువసార్లు సైట్ అయిన పేపర్లలో అదొకటి, దశాబ్దాల పాటు ప్రతి ల్యాబూ వాడింది. హార్వర్డ్‌లో మాత్రం ఆయనకి పర్మనెంట్ పోస్టు రాలేదు. ఇంకో పక్క 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల బ్లడ్ క్యాన్సర్ మీద అమినోప్టెరిన్ పనిచేసిందని రాసిన పేపరు ఉంది చూడండి, మెడిసిన్ చరిత్రలో పెద్ద మలుపు, అందులో అయిదుగురు రచయితలు, సుబ్బారావు గారి పేరు లేదు. మందు తయారైంది ఆయన ల్యాబులో. ఆ మందుకి తమ్ముడే మెథోట్రెక్సేట్, ఇవాళ కీళ్లవాతం వాళ్లు వారానికి ఒక్కరోజు వేసుకునే మాత్ర, అదీ ఇమ్యూనిటీని అణచడానికే. ఆ మాత్ర ఎన్ని ఇళ్లల్లో ఉందో ఏ స్కాలర్ ప్రొఫైల్ లెక్కేస్తుంది?

ఉద్దానం_కుర్రోడు:
ఇంపాక్ట్ అంటున్నారు కాబట్టి మా సంగతి కూడా వినండి. మాది ఉద్దానంలో కవిటి దగ్గర, కిడ్నీ జబ్బుల ఊళ్లు. మా ఊళ్లకి ఎన్ని టీములు వచ్చాయో, రక్తం తీసుకున్నారు, యూరిన్ తీసుకున్నారు, బోరు నీళ్లు సీసాల్లో పట్టుకెళ్లారు. పేపర్లు పడ్డాయి, పీహెచ్‌డీలు అయ్యాయి, ప్రమోషన్లు కూడా వచ్చే ఉంటాయి. సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో నీళ్లు తాగక అన్నారు, నొప్పి మాత్రలన్నారు, కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఖాయంగా ఇదీ అని తేలింది లేదు. మా పెదనాన్న రెండుసార్లు శాంపిల్ ఇచ్చాడు, ఆయన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఎంతొచ్చిందో కాగితం ముక్క ఇంటికి రాలేదు. రీసెర్చి చెయ్యొద్దనట్లేదు, రేపు నువ్వు బోదకాలు శాంపిల్స్‌కి ఊళ్లు తిరిగితే రిజల్ట్ ఇచ్చినవాడికి చెప్పు అక్కా, అంతే.

నాగావళి_గట్టు:
తప్పకుండా తమ్ముడూ. రేపు మేడంతో మాట్లాడినప్పుడు ఇది అడుగుతాను, శాంపిల్ ఇచ్చినవాళ్లకి రిపోర్టు ఎలా చేరుస్తారు అని.

ఆముదాలవలస_జంక్షన్:
సరే అందరూ నా మీద పడ్డారు గానీ అమ్మాయి భోజనం సంగతి ఎవరూ మాట్లాడ్డంలేదు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకి పేపర్లకి మార్కులుంటాయా లేదా?

గజపతినగరం_అప్ప:
ఉంటాయి తమ్ముడూ, కానీ రూల్ పూర్తిగా చదువు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్‌లో యూనివర్సిటీ అసిస్టెంట్ ప్రొఫెసర్ షార్ట్‌లిస్టింగ్ టేబుల్ ఉంది, పీహెచ్‌డీకి 30 మార్కులు, పేపరుకి 2 చొప్పున మొత్తం 10 దాకానే. అంటే అయిదు పేపర్లు దాటాక ఆ టేబుల్లో ఇంకొక్క మార్కు రాదు. థీసిస్ ఇవ్వడానికి పేపరు తప్పనిసరి అన్న రూలు కూడా 2022లో యూజీసీ ఎత్తేసింది, యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకుంటే అది వేరే సంగతి. కాబట్టి నీకు కావలసింది 40 పేపర్లు కాదమ్మా, నువ్వు నిలబడి మాట్లాడగలిగే నాలుగైదు.

నేను పీహెచ్‌డీ చేసిన ల్యాబులో ఏడాదికి పది పన్నెండు పేపర్లు పడేవి. మొక్క ఆకు నూరడం, సిల్వర్ నానోపార్టికల్స్ అనడం, మాక్రోఫేజ్‌లనే ఎలక ఇమ్యూన్ సెల్స్ మీద పొయ్యడం, సైటోకైన్ (ఆ సెల్స్ పంపే సంకేతం) తగ్గింది అనడం, మొక్క మారుతుంది, మిగతాదంతా అదే. డబ్బులు కడితే రెండు వారాల్లో వేసే జర్నల్స్‌కి పంపేవారు, ఆ ఫీజు మా ఫెలోషిప్‌లోంచి పోయేది. హైదరాబాద్‌లో ఉండే ఒక పబ్లిషర్ మీద అమెరికా వాళ్లు కేసు పెడితే 2019లో కోర్టు 5 కోట్ల డాలర్ల పైన కట్టమంది, రివ్యూ చేశామని చెప్పి చెయ్యకుండా వేశారని. అలాంటివి ఇంకా బోలెడున్నాయి. అందుకని సారు పేపర్లు నాలుగు తీసి, పంపిన తేదీ, ఒప్పుకున్న తేదీ మొదటి పేజీలో ఉంటాయి, అవి చూడు. ఇమ్యునాలజీ పేపరు పద్నాలుగు రోజుల్లో రివ్యూ అయి, సరిదిద్ది, ఒప్పుకోవడం అంటే ఎవరూ చదవలేదనే.

అన్నిటికన్నా ముఖ్యం, సైటేషన్ లిస్టు కాదు, స్టూడెంట్ల లిస్టు తియ్యి. పేపర్ల మీద మొదటి పేరున్న పిల్లలు ఇప్పుడెక్కడున్నారు, ఎన్నేళ్లకి బయటపడ్డారు, మధ్యలో మానేసినవాళ్లు ఎంతమంది. శోధ్‌గంగ అని మన దేశం థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు ఉంది, అందులో గైడ్ పేరు కొడితే వస్తాయి. వాళ్లకి మెయిల్ పెట్టు, ఫోన్లో మాట్లాడు, మెయిల్లో ఎవరూ నిజం రాయరు.

రాజాం_పోస్ట్‌డాక్:
అప్ప చెప్పింది నూటికి నూరు పాళ్లు. దానికి ఒకటే కలుపుతా, ఎవరు సైట్ చేశారన్నది కాదు, ఎందుకు సైట్ చేశారో చూడు. మేడం పేపరు ఒకటి తీసి కింద సైటెడ్ బై నొక్కు, అందులో రెండు మూడు తెరిచి ఆవిడ పేరున్న వాక్యం వెతుకు. ఇంకొక దేశం ల్యాబు ఆవిడ పద్ధతి వాడిందా, ఆవిడ రిజల్ట్ సరిచూసిందా, లేక పదిహేను పేర్ల గుంపులో ఒకటిగా బ్రాకెట్‌లో పడేశారా. సొంత సైటేషన్లు అయితే రచయిత పేరు చూస్తేనే తెలిసిపోతాయి. పేపర్లు దొరక్కపోతే మీ యూనివర్సిటీ లైబ్రరీలో కూర్చో, 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కింద గవర్నమెంటు యూనివర్సిటీలన్నిటికీ 13 వేల జర్నల్స్ దాకా తెరిచారు, మా రోజుల్లో ఒక్క పీడీఎఫ్ కోసం బెంగళూరులో ఉన్న ఫ్రెండ్ కాళ్లు పట్టుకునేవాళ్లం.

నాగావళి_గట్టు:
మీరు చెప్పినవి రెండురోజులు కూర్చుని చూశాను. సారు 140లో మూడోవంతు పైగా రివ్యూలు, బుక్ చాప్టర్లు. తొమ్మిది అసలు ఆయనవి కావు, ఒకటైతే నిజంగానే ఫ్లైయాష్ ఇటుకల మీద ఉంది (రాజాం అన్నా, మీ నోట్లో చక్కెర). కానీ ఒకటి చెప్పాలి, 2004 నుంచి 2009 దాకా ఆయన టీబీ మీద చేసిన అయిదారు పేపర్లు చాలా బాగున్నాయి, వాటిని వేరే ల్యాబులు ఇప్పటికీ వాడుతున్నాయి. తర్వాత అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్లినట్టున్నారు, ఆ తర్వాతవన్నీ వేరేవాళ్ల పేపర్లలో మధ్య పేరే.

మేడం 26లో పద్దెనిమిది సొంత డేటా. మొదటి ఇద్దరు స్టూడెంట్లతో మాట్లాడాను. ఒకక్క ఆరేళ్లు పట్టిందని చెప్పింది, కెమికల్స్‌కి డబ్బులు రాక ఏడాది ఖాళీగా కూర్చున్నారంట, మేడం కోపిష్టి అని కూడా చెప్పింది. అయినా మళ్లీ అయితే అక్కడే చేరతానంది. నాన్నకి ఇవన్నీ చెప్తే చివరికి ఆరేళ్లా అని అక్కడ ఆగిపోయారు.

ఆముదాలవలస_జంక్షన్:
నేనూ అక్కడే ఆగాను. జేఆర్‌ఎఫ్, ఎస్‌ఆర్‌ఎఫ్ కలిపి అయిదేళ్లే ఇస్తారు, ఆరో ఏడు ఎవరిస్తారు? ఇది ముందే అడుగు, మొహమాటపడకు.

గజపతినగరం_అప్ప:
ఈ ఒక్క విషయంలో జంక్షన్ మాట విను. ప్రాజెక్టు గ్రాంటు ఇప్పుడు చేతిలో ఉందా, ఎప్పటిదాకా ఉంది అని సూటిగా అడుగు. కోపిష్టి గైడ్లు ఈ ప్రశ్నకి కోప్పడరు, వాళ్లకీ అదే బెంగ.

నాగావళి_గట్టు:
అడిగాను అప్పా. కొత్త ప్రాజెక్టు మూడేళ్లకి వచ్చిందంట. శాంపిల్ ఇచ్చినవాళ్లకి రిపోర్టు ఆశా వర్కర్ల చేత ఇంటికి పంపిస్తారంట, పాజిటివ్ వస్తే మాత్రలు కూడా. చేరతానని చెప్పేశాను. నాన్న ఇంకా పూర్తిగా మెత్తబడలేదు, మావయ్య మాత్రం సుబ్బారావు గారి సంగతి చదివి ఇంట్లో అందరికీ చెప్తున్నాడు. ఇప్పుడు ఆ అక్క థీసిస్ శోధ్‌గంగ నుంచి దింపుకుని చదువుతున్నా. మూడో చాప్టర్లో మైక్రోఫైలేరియా ఉన్నవాళ్లలో ఐజీజీ4 బాగా ఎక్కువ, కాలు వాచినవాళ్లలో తక్కువ అని ఉంది. దీనికి అర్థమేంటి ఎవరైనా చెప్తారా?

రాజాం_పోస్ట్‌డాక్:
ల్యాబ్ టెక్ అన్న అడిగిన వింత అదే. ఐజీజీ4 ఒక మెతక యాంటీబాడీ, పురుగుకి అతుక్కుంటుంది కానీ కాంప్లిమెంట్‌ని (రక్తంలో దాడి చేసే ప్రొటీన్ల గుంపు) పిలిచి గొడవ చెయ్యదు, పైగా ఎలర్జీ పుట్టించే ఐజీఈకి చోటు లేకుండా అడ్డం కూర్చుంటుంది. ఐఎల్-10 లాంటి అణిచే సంకేతాలు ఎక్కువున్న చోట అది ఎక్కువ తయారవుతుంది, రెగ్యులేటరీ టీ సెల్స్ చెయ్యి కూడా ఉందక్కడ. దాంతో పురుగు హాయిగా ఉంటుంది, మనిషీ బాగానే ఉంటాడు. ఆ సర్దుబాటు చెడినవాళ్లలో మంట ఎక్కువై లింఫ్ నాళాలు పాడవడం మొదలవుతుంది, కాలు వాచడానికి అదొక కారణం. నాలుగో చాప్టర్లో టీ సెల్స్ డేటా ఉంటే సీడీ25, ఫాక్స్‌పీ3 చూశారేమో చూసి చెప్పు.

నెల్లిమర్ల_ల్యాబ్_టెక్:
ఇన్నేళ్లకి ఒకరు తిన్నగా చెప్పారు బాబూ. చెల్లమ్మా ఆ థీసిస్ లింకు ఇక్కడ పెట్టు, మెథడ్స్‌లో రక్తం ఏ టైముకి తీశారో చూడాలి నాకు. స్ట్రిప్పుకి అయితే పగలైనా పరవాలేదు, పురుగు లెక్కపెట్టామని రాసి పగలు తీసుంటే మాత్రం ఊరుకోను.

నాగావళి_గట్టు:
చూశా అన్నా, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర అని రాసి ఉంది. లింకు కింద పెడుతున్నా.